ముందు తూము, తర్వాతే చెట్టు: ముంపు నేలలో పక్షుల కోసం ఏ పని ఎంచుకోవాలి?

పోయిన వేసవిలో నాకు తమ్ముడి వరసయ్యే కుర్రాడొకడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, మా ఊరి డ్రెయిన్ పక్కన ఏడెకరాల పల్లం ఉంది కదా, ఏటా ముంపే. పండించి నష్టపోయే బదులు పక్షులకు వదిలేద్దామని పంచాయతీలో అనుకుంటున్నారు. ఒక కంపెనీ డబ్బు ఇస్తానంది. ఇనుప స్టాండ్లకు కొటేషన్ కూడా తెప్పించాను. స్టాండ్లు పెట్టించమంటావా, మొక్కలు నాటించమంటావా?"

"తూము ఎవరి చేతిలో ఉందిరా?" అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. పక్షుల గురించి అడిగితే ఈయన తూము అంటాడేంటి అనుకుని ఉంటాడు. మాది కొల్లేరు అంచు ఊరు. పక్షుల కోసం ఖర్చుపెట్టిన డబ్బు ఎక్కడ నిలిచిందో, ఎక్కడ నీళ్లపాలైందో చూస్తూ పెరిగినవాణ్ణి. అందుకే ముందు తూము సంగతి అడుగుతాను. వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఏటి పక్కనో, చెరువు కిందో, డ్రెయిన్ ఒడ్డునో ముంపు నేల ఉండి, దాన్ని పక్షులకు పనికొచ్చేలా చేద్దామనుకునే వాళ్లకు ఉపయోగపడుతుంది.

ముందు నీటి లెక్క

తొలకరి వరదకు చేప ఎదురెక్కుతుంది. పరిగెలు, మార్పు చేపలు, కొర్రమీనులు కాలువ దాటి పల్లపు గడ్డిలోకి వస్తాయి, అక్కడే గుడ్లు పెడతాయి. లోతు తక్కువ, ఎండ తగులుతుంది, గడ్డి కుళ్లి పురుగు పుడుతుంది. పిల్ల చేపలకు అదే మేత. సంక్రాంతి దాటాక నీళ్లు మెల్లగా తగ్గుతూ వస్తే, ఆ చేపంతా గుంటల్లోకి చేరుతుంది. కొంగలు పిల్లల్ని పెంచేది సరిగ్గా ఆ రోజుల్లోనే. అంటే నీళ్లు రావడం ఎంత ముఖ్యమో, పోవడం కూడా అంతే ముఖ్యం. ఏడాది పొడుగునా నిండుగా ఉండే చెరువు చూడ్డానికి బాగుంటుంది గానీ చాలా పిట్టలకు అది ఖాళీ కంచమే.

లోతును నేను మీటర్లలో చెప్పను, కాలితో చెబుతాను. చీలమండ మునగనంత నీళ్లలో బురద పొడుచుకుని తినే చిన్న పిట్టలు తిరుగుతాయి. చలికాలంలో ఉత్తరాన ఉన్న చలి దేశాల నుంచి వచ్చే ఉల్లంకి జాతివన్నీ ఇవే. పిక్క లోతు దాకా తల ముంచి, తోక పైకెత్తి మేసే బాతులు ఉంటాయి. మోకాలి లోపు కొంగలవి. మోకాలు దాటితే నీటికాకులు, గూడబాతులు, అంటే పెలికాన్లు. చేపల చెరువు మనిషి లోతు ఉంటుంది, గట్టు నిట్టనిలువుగా ఉంటుంది. అందులో ఆఖరి రకం తప్ప మిగతా మూడు రకాలకూ కాలు పెట్టే చోటుండదు. ఊళ్లో వందల ఎకరాల నీళ్లున్నా పిట్ట లేదేమిటని అడిగే వాళ్లకు ఇదే జవాబు.

అందుకే ఏ పని ఎంచుకున్నా ముందు మీ నేలకు నీళ్లు ఏ నెలలో వస్తున్నాయి, ఎంత లోతు నిలుస్తున్నాయి, ఎటు పోతున్నాయి అన్నది తెలియాలి. ఇది తెలియకుండా పెట్టే ఖర్చు లాటరీ టికెట్టు కొన్నట్టే.

గండి కొట్టడమా, గట్టు ఉంచి తూము పెట్టడమా?

నన్నడిగితే డబ్బు మొదట పెట్టాల్సింది ఇక్కడే. ఇందులో రెండు దారులున్నాయి. గట్టు తెగ్గొట్టి ఏటినే లోపలికి రానివ్వడం ఒకటి. గట్టు ఉంచి, తూము అమర్చి, మనకు కావలసినప్పుడు నీళ్లు పెట్టి తీయడం రెండోది.

మొదటి దారికి ప్రపంచంలో అందరూ చూపించే ఉదాహరణ అమెరికాలోని ఫ్లోరిడాలో ఉన్న కిసిమీ నది. 166 కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ పారే ఏరది. వరద భయంతో 1962 నుంచి 1971 దాకా తవ్వి, 90 కిలోమీటర్ల తిన్నని కాలువగా మార్చారు. ఇరువైపులా ఉన్న ముంపు నేల ఎండిపోయింది, చలికాలం బాతులు నూటికి తొంభై వంతు కనిపించకుండా పోయాయి. తప్పు తెలుసుకుని 1999లో ఆ కాలువనే మట్టితో పూడ్చడం మొదలుపెట్టి 2021లో ముగించారు. దాదాపు 70 కిలోమీటర్ల పాత ఏరు మళ్లీ పారింది, ముంపు నేల తడిసింది, కొంగలూ బాతులూ తిరిగొచ్చాయి. ఖర్చు వంద కోట్ల డాలర్లు. అందులో పెద్ద భాగం భూమి కొనడానికే పోయింది. తొమ్మిదేళ్లలో పాడుచేసినదాన్ని బాగుచేయడానికి ఇరవై ఏళ్లు దాటింది.

మన దగ్గర కొల్లేరు ఉంది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్ల వరదను పట్టి ఉంచి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి వదులుతుంది. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత లోపలున్న దాదాపు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి, అంటే ప్రపంచ స్థాయిలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో ఆపరేషన్ కొల్లేరు పేరిట చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ రోజుల్లో పొక్లెయిన్లు దిగడం, గట్ల మీద జనం కన్నీళ్లు పెట్టుకోవడం ఈ చుట్టుపక్కల ఎవరూ మర్చిపోలేదు. గండ్లు పడ్డాయి గానీ గట్టు మట్టి చాలా చోట్ల అక్కడే ఉండిపోయింది. కొన్నేళ్లు తిరక్కుండానే అదే మట్టి మళ్లీ గట్టయి లేచింది.

దీన్నుంచి నేను తీసుకున్న పాఠాలు రెండు. గండి కొడితే సరిపోదు, ఆ మట్టిని అక్కణ్ణుంచి తీసేయాలి. లేదా దాన్నే లోపల చిన్న దిబ్బలుగా, వాలు ఒడ్డుగా పరిచేయాలి. రెండో పాఠం, ఆ నేల మీద బతికేవాడికి వేరే దారి ముందే చూపించాలి. కిసిమీలో భూమికి డబ్బిచ్చి కొన్నారు. మన దగ్గర ప్రభుత్వం పంచిన డీ-పట్టా భూమి రైతుకు, దోనె వేసుకుని మావులతో చేప పట్టే కుటుంబానికి ఏమిస్తున్నాం అన్నది తేలకుండా తీసిన గండి ఒక్క రాత్రిలో పూడిపోతుంది.

మరి మీ ఏడెకరాలకో, పాతికెకరాలకో ఏది మంచిది? గట్టు అవతల పక్కవాళ్ల పొలాలూ ఇళ్లూ లేకపోతే, ఏరు స్వయంగా ఎక్కి దిగే చోటైతే, గండే మంచిది. అది తన పని తాను చేసుకుంటుంది, మీరు కాపలా కూచోనక్కర్లేదు. కాలిఫోర్నియాలో కొసమ్నెస్ అనే చిన్న ఏటి గట్టు 1985 వరదలో దానంతటదే తెగింది. పొలంలో ఇసుక పరుచుకుంది, ఎవరూ నాటకుండానే ఏటిగట్టు చెట్లు అడవిలా లేచాయి. అది చూసి పదేళ్ల తర్వాత కావాలనే మరో చోట గట్టు తెరిచారు. నాటిన వాడికి కూలి ఇవ్వాల్సిన పనిలేని అడవి!

కానీ మన డెల్టాలో పక్కవాడి పొలం లేని పల్లం ఎక్కడుంది? సెప్టెంబరు 2024లో బుడమేరు విజయవాడను ముంచాక గండి అన్న మాట వింటేనే జనానికి టెన్షన్. అందుకే ఊరి స్థాయిలో నేను తూముకే ఓటేస్తాను. అడుగు భాగం నుంచి పూర్తిగా తీయగలిగే తూము ఒకటి, ఎక్కువైన నీళ్లు దొర్లిపోయే కలుజు ఒకటి, లోపలి ఒడ్డు ఒకవైపైనా పశువు దిగేంత వాలు. ఈ మూడూ ఉంటే చీలమండ లోతు, పిక్క లోతు, మోకాలి లోతు ఒకే పల్లంలో దొరుకుతాయి. ఇబ్బంది ఒక్కటే, తూముకు మనిషి కావాలి. షట్టరు తాళం కాలువ చూసుకునే లస్కరు దగ్గరుంటే అతను, పంచాయతీ దగ్గరుంటే సర్పంచి, ఎవరో ఒకరు సంక్రాంతి నుంచి మార్చి దాకా వారానికోసారి నాలుగు వేళ్ల మందాన నీళ్లు దించాలి. ఒకేసారి ఎత్తేస్తే చేప మొత్తం డ్రెయిన్లో పడుతుంది. అప్పుడు పండగ కింద ఊరి వలలకు, పిట్టలకు కాదు.

చెట్లా, స్టాండ్లా?

అందరూ మొదట అడిగేది ఇదే, ఫొటోలో కనబడేదీ ఇదే కాబట్టి.

స్టాండ్లు పనిచేస్తాయి, అందులో అనుమానం లేదు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు వెళ్లి చూడండి. ఊరి మధ్య చెరువులో సర్కారు తుమ్మ మీదా ఇనుప స్టాండ్ల మీదా గూడబాతులు, ఎర్రకొంగలు, నీటికాకులు ఒకదాని మీద ఒకటి పడేట్టు గూళ్లు కడతాయి. కైకలూరు దగ్గర ఆటపాకలో కూడా అంతే. కొల్లేట్లో కె.కె.నీలకంఠన్ 1946లో గూడబాతుల స్థావరాన్ని చూసినప్పుడు దాదాపు మూడు వేల పక్షులుండేవి. చేపల పెంపకం, సాగు పద్ధతులు మారాక 1975 ప్రాంతానికి ఆ స్థావరమే లేకుండా పోయింది. ఇప్పుడు ఆటపాకలో మళ్లీ గూళ్లు కనిపిస్తున్నాయంటే ఆ ఇనుప స్టాండ్ల పుణ్యం కొంత ఉంది.

జనవరిలో పొద్దున ఆరింటికి అక్కడికి పోతే ముందు వాసన కొడుతుంది, తర్వాత చప్పుడు వినిపిస్తుంది, పక్షి ఆఖర్న కనబడుతుంది. స్టాండు మీద పిల్ల తన తల్లి గొంతు సంచిలోకి భుజాల దాకా దూరిపోయి తింటుంటే, తల్లి కళ్లు మూసుకుని ఊగుతూ నిలబడుతుంది. రెండు నిమిషాలకు పిల్ల బయటికొచ్చి కూలబడుతుంది, తల్లి రెక్కలు కొట్టుకుంటూ లేస్తుంది. ఎటు పోయిందో చూడండి. ఆ చెరువులోకి కాదు. గట్లు దాటి, రోడ్డు దాటి, ఎక్కడో నాలుగూళ్ల అవతల నీళ్లున్న చోటికి.

అసలు విషయం ఆ ఎగరడంలోనే ఉంది. స్టాండు పడకగది. వంటిల్లు వేరే ఉండాలి. చుట్టూ పదీ ఇరవై కిలోమీటర్లలో పిట్ట దిగి మేయగల నీళ్లుంటే స్టాండు మీద గూడు నిలుస్తుంది. లేకపోతే మీరు పెట్టింది బట్టలారేసుకునే దండెమే. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో గూళ్లు కట్టే పక్షులకు దగ్గర్లో పులికాట్ సరస్సు ఉంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊరి చింతచెట్ల మీద దిగే ఎర్రకొంగలకు నౌపడ బాడవలున్నాయి. ఆ బాడవలు ఎండితే చింతచెట్లు ఎన్నున్నా ఒకటే.

(పనిలో పనిగా ఒక మాట. తేలినీలాపురంలో వాటిని సైబీరియా పక్షులంటారు. గూడబాతులు, ఎర్రకొంగలు మన దేశపు పక్షులే. సైబీరియా పేరు చెబితే బస్సులు ఎక్కువొస్తాయి కాబట్టి నేనూ గట్టిగా వాదించను.)

ఇక చెట్టు సంగతి. నేలపట్టు చెరువులో నీటికడప చెట్లు ఏడాదిలో సగం రోజులు మొదలు దాకా నీళ్లలో నిలబడే ఉంటాయి. కొమ్మలు అడ్డంగా పరుచుకుని ఉంటాయి, గూటికి సరిగ్గా సరిపోతాయి. చుట్టూ నీళ్లుంటాయి కాబట్టి పిల్లి, కుక్క, గుడ్ల కోసం ఎక్కే కుర్రాళ్లు రారు. కాబట్టి గూడుచెట్టు అంటే నీళ్లలో నిలబడగల చెట్టు. మన దగ్గర నీటికడప, నల్లతుమ్మ ఆ పని చేస్తాయి. ఒడ్డున మద్ది, నేరేడు బతుకుతాయి.

ఇది తెలియక మేం ఒకసారి దెబ్బతిన్నాం. కొన్నేళ్ల కిందట ఒక సంస్థ డబ్బిస్తే, వాళ్ల నర్సరీ ఏవి ఇస్తే అవి, వేప, కానుగ, గుల్‌మొహర్ కలిపి రెండు వందల మొక్కలు పల్లంలోనే నాటాం. బోర్డు పెట్టాం, ఫొటోలు దిగాం. ఆగస్టులో నీళ్లు వచ్చి మూడు వారాలు నిలిచాయి. నీళ్లు తీసేశాక చూస్తే వెదురు కర్రలు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మీద ఒక లకుముకి పిట్ట వాలింది, అంతవరకు లాభం. మరుసటి ఏడు నీటికడప విత్తనం తెచ్చి, మొక్క నడుమెత్తు పెరిగేదాకా సంచుల్లోనే ఉంచి, మట్టి దిబ్బలు పోసి వాటి మీద నాటాం. వాటిలో సగానికి పైగా ఇప్పటికీ ఉన్నాయి. గూడు మాత్రం ఇంకా ఒక్కటీ పడలేదు. పదేళ్లు పడుతుందని మాకు ముందే చెప్పిన ముసలాయన ఆ మాట చెప్పినప్పుడు మేమే నవ్వాం.

కాబట్టి పోటీ స్టాండుకూ చెట్టుకూ మధ్య కాదు. పిట్టలు ఇప్పటికే మీ ఊరికి వస్తూ, కూచునే చెట్టు పడిపోతుంటే, రెట్ట వేడికి మాడిపోతుంటే, స్టాండు పెట్టండి. చెట్టు ఎదిగేదాకా అది ఊతం. చెట్టూ స్టాండూ పక్కపక్కనే ఉండాలి. పిట్టే రాని చోట స్టాండుతో మొదలుపెట్టడం, పెళ్లి కుదరకముందే పందిరి వేయడం లాంటిది. ఇంకో చిన్న సంగతి, స్టాండు మీద గూడు కట్టాలన్నా పుల్లలు కావాలి. చుట్టుపక్కల చెట్టే లేకపోతే పాపం ఆ పక్షి పుల్ల ఎక్కణ్ణుంచి తెస్తుంది?

డెక్క తీయడం, తుమ్మ కొట్టడం

గుర్రపు డెక్క తీయించడం అందరికీ ఇష్టమైన శ్రమదానం. నాకూ ఇష్టమే గానీ, నీటి సంగతి తేల్చకుండా డెక్క తీయడం వాన పడుతుండగా వాకిలి ఊడ్చినట్టే. డ్రెయిన్ నీళ్లలో ఎరువూ మురుగూ వచ్చినంత కాలం డెక్క వస్తుంది. తూము ద్వారా వేసవిలో పల్లాన్ని పూర్తిగా ఎండగట్టగలిగితే సగం పని ఎండే చేస్తుంది. తీసిన డెక్కను గట్టు మీద కుప్ప వేసి మర్చిపోకండి, తొలి వానకు మళ్లీ నీళ్లలోకే జారుతుంది.

సర్కారు తుమ్మ విషయంలో తొందరపడొద్దు. అది దొంగచెట్టే, నీళ్లు తాగేస్తుంది, కింద గడ్డి మొలవనివ్వదు. అయినా ఉప్పలపాడులో గూళ్లున్నది దాని మీద కూడా. గూడున్న తుమ్మను వదిలి, పల్లంలోకి కొత్తగా పాకుతున్నదాన్ని వేళ్లతో సహా తీయాలి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కులో ఈ పనికి మంచి దారి కనిపెట్టారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వేరుతో సహా తవ్వి తీస్తే ఆ కలప వాళ్లదే. పార్కుకు తుమ్మ పోయింది, ఊరికి కట్టెలొచ్చాయి.

అదే కేవలాదేవ్ ఇంకో పాఠం కూడా చెప్పింది. 1982లో జాతీయ పార్కు చేస్తూ గేదెల మేపు ఆపేశారు. గొడవై కాల్పుల దాకా వెళ్లింది, ప్రాణాలు పోయాయి. తీరా చూస్తే గేదెలు లేకపోయేసరికి నీటి గడ్డి దట్టంగా అల్లుకుపోయి, బాతులకు తెరిపి నీళ్లు లేకుండా పోయాయి. గేదె పక్షికి శత్రువు కాదని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ ఏళ్ల తరబడి చేసిన పరిశీలనలో తేలింది. తర్వాత ఎగువన పాంచ్నా డ్యామ్‌తో గంభీర్ నది నీళ్లు తగ్గి పార్కే ఎండే స్థితికొచ్చింది. చివరికి గోవర్ధన్ డ్రెయిన్ నుంచీ చంబల్ నుంచీ పైపుల్లో నీళ్లు తెచ్చుకోవాల్సి వచ్చింది. ప్రపంచ వారసత్వ హోదా ఉన్న చోట కూడా కథ తిరిగి తిరిగి తూము దగ్గరికే వస్తుంది చూశారా.

అందుకని మీ పల్లంలో గేదెల్ని పూర్తిగా ఆపకండి. గూళ్లున్న మూల ఒక్కటి కంచె వేసి, మిగతాది మేపుకు వదలండి. కిక్కిస, జమ్ము కూడా మొత్తం కోసేయకండి. మూడో వంతు నిలబడి ఉంటే బొల్లికోళ్లు అందులోనే గుడ్లు పెడతాయి.

నేల ఇవ్వకుండా నీళ్లు అరువివ్వడం

మీకు సొంత వరి పొలం ఉందనుకోండి, పక్షుల కోసం సాగు మానే ఉద్దేశం లేదు. దానికీ ఒక దారుంది. కాలిఫోర్నియాలో వరిగడ్డి తగలబెట్టడం ఏటా తగ్గించుకుంటూ రావాలని 1991లో చట్టం వచ్చాక, రైతులు కోత తర్వాత మళ్లల్లో నీళ్లు పెట్టి గడ్డిని కుళ్లబెట్టడం మొదలుపెట్టారు. దాంతో ఆ మళ్లల్లోకి బాతులు దిగాయి. 2014 నుంచి నేచర్ కన్జర్వెన్సీ అనే సంస్థ ఇంకో అడుగు వేసింది. వలస పిట్టలు దిగే కొన్ని వారాలు మడిలో పల్చగా నీళ్లు ఉంచడానికి ఎంత ఇస్తే ఒప్పుకుంటారో రైతులనే పాట పెట్టి అడిగింది. భూమి కొనే పని లేదు, కోర్టులు లేవు, సీజను అయిపోతే ఎవరి పొలం వాళ్లది.

మన దగ్గర ఇది కుదిరేది గోదావరి డెల్టాలో. సార్వా కోతకూ దాళ్వా నాట్లకూ మధ్య కాలువలో నీళ్లుంటాయి. దమ్ము చేసే ట్రాక్టరు వెనక తెల్లకొంగలు ఎలా పరిగెడతాయో అందరం చూసిందే, ఇనుప చక్రం బురద తిప్పిన చోటల్లా నాలుగు ముక్కులు. నత్తల్ని ఏరుకునే గుల్లకొంగ అయితే రైతుకు కూలి అడగని మనిషి. దమ్ముకు పది రోజులు ముందుగా, చీలమండ లోతు నీళ్లు పెట్టి వదిలేస్తే అదే పెద్ద సాయం. ఆ పది రోజులూ గుళికల మందు జోలికి పోకూడదు, అంతే.

కృష్ణా డెల్టాలో ఈ సలహా ఇవ్వను. అక్కడ వరి కోయకముందే మినుము చల్లేస్తారు, నిలిచిన నీళ్లంటే మినుము రైతుకు చావు. పక్షుల పేరు చెప్పి వాళ్లను అడగడం కూడా మర్యాద కాదు.

ఏమీ చేయకపోవడం కూడా ఒక పనే

లంకలో ఉన్నవాళ్లకు, ఏటి మధ్య ఇసుక తిన్నెలున్న ఊళ్లకు నా సలహా పూర్తిగా వేరు. అక్కడ చెట్టు నాటొద్దు, స్టాండు పెట్టొద్దు, జేసీబీ అసలే దింపొద్దు. రివర్ టర్న్ పిట్టలు, తీతువులు ఎండాకాలంలో వట్టి ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. గుడ్డు అచ్చం ఇసుక రంగులో, మచ్చలతో ఉంటుంది, కాలి కింద పడేదాకా తెలియదు. మధ్యాహ్నం ఎండకు గుడ్డు ఉడికిపోకుండా తల్లి వెళ్లి పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకుని వచ్చి కూచుంటుంది. మనం చేయాల్సిందల్లా మార్చి నుంచి మే దాకా ఆ తిన్నె మీదికి ఇసుక ట్రాక్టర్లు, కుక్కలు, క్రికెట్టు ఆడే పిల్లలు వెళ్లకుండా చూడడం. ఒక తాడు, నాలుగు కర్రలు, ఊళ్లో చాటింపు. ఖర్చు లేని పని కాబట్టే దీనికి ఎవరూ డబ్బివ్వరు. ఫొటోకి రిబ్బన్ కట్ చేసే చోటు కూడా ఉండదు.

ఎవరికి ఏది

చుట్టూ పొలాలున్న చిన్న పల్లమైతే తూము, వాలు ఒడ్డు, ఒక ఏడాది ఆగి నీటికడప. పక్షులు ముందునుంచే దిగుతున్న ఊరి చెరువైతే స్టాండ్లు, వాటి పక్కనే చెట్లు. వాటితో పాటు ఆ పక్షులు మేతకు ఏ చెరువులకు పోతున్నాయో కనుక్కుని అక్కడి వాళ్లతో మాట్లాడడం ఇంకా ముఖ్యం. రొయ్యల, చేపల రైతు టపాసులు కాలుస్తున్నాడంటే అతని మీద కోపం తెచ్చుకోకండి, అతని చేప తింటుంటే ఊరుకోడు. ఇరవయ్యేళ్లుగా ఎవరూ పట్టించుకోని పెద్ద ముంపు పోరంబోకైతే, గండి కొట్టి ఏటికి వదిలేయడం గురించి ధైర్యంగా ఆలోచించవచ్చు, ఇంజనీర్లను పక్కన పెట్టుకుని.

కొల్లేరు ఐదో కాంటూరు లోపల మాత్రం పైవేవీ మీ ఇష్టానికి చేయకండి. అది వన్యప్రాణి చట్టం కిందున్న నేల, ప్లానుతో ముందు అటవీ శాఖ దగ్గరికి వెళ్లాలి. బయట ఉన్న డ్రెయిన్ గట్టు ముట్టుకోవాలన్నా నీటిపారుదల వాళ్ల అనుమతి కావాలి. నేల జిరాయితీయా, డీ-పట్టానా, పోరంబోకా అన్నది రికార్డులో చూసుకోకుండా బోర్డు రాయించిన వాళ్లు తర్వాత తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగారు.

మా తమ్ముడి సంగతి చెప్పలేదు కదూ. తూము తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే వాడికి నెల పట్టింది. తూము షట్టరు ఎప్పుడో తుప్పు పట్టి బిగుసుకుపోయిందట, తాళం ఎవరి దగ్గరున్నా ఒకటేనట. కంపెనీ వాళ్లకు ఆ షట్టరు మరమ్మతు ఇష్టం లేదు, స్టాండ్లయితే వాటి మీద పేరు రాసుకోవచ్చు. చివరికి పంచాయతీ డబ్బుతోనే షట్టరు బాగుచేయిస్తున్నారు. ఈలోగా పల్లం మధ్యలో ఒక తాటి దుంగ పాతి, అర అడుగుకో తెల్లగీత గీయించమన్నాను. జులై నుంచి వారం వారం ఎన్నో గీత దాకా నీళ్లున్నాయో రాసి పంపుతున్నాడు. పోయిన వారం నాలుగో గీత. స్టాండ్ల కొటేషన్ ఇంకా వాడి బండి డిక్కీలోనే ఉంది.